గాయం మీద గుడ్డ, గుడ్డలో మందు

(అనంతపురంలో ఫార్మసీ, నర్సింగ్, డిగ్రీ విద్యార్థులూ ఊరివాళ్ళూ కలిసి కూర్చున్న సభలో ఒక ఫార్మసీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని దాదాపు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తా, ఈరోజు మందుల గురించి తక్కువ, గాయం మీద వేసే గుడ్డ గురించి ఎక్కువ మాట్లాడతాను. ఫార్మసీ సారుకి గుడ్డలతో ఏం పని అనుకుంటారేమో, ధర్మవరం పట్టు గురించి ఒక అభిప్రాయం లేని మనిషి ఈ చుట్టుపక్కల ఎవరూ ఉండరు కాబట్టి నాకూ ఆ హక్కు ఉందనుకుంటున్నా. (నవ్వులు)

మన పల్లెల్లో కొడవలి తగిలి వేలు తెగిందనుకోండి, ఏం చేస్తారు? గట్టు మీద గడ్డిచేమంతి ఉంటుంది, కొన్ని చోట్ల గాయపాకు అంటారు, దాన్ని నలిపి రసం పిండి గుడ్డపేలిక కడతారు. అది దొరక్కపోతే పసుపు, అదీ లేకపోతే కాఫీపొడి. ఇక కొంచెం తెలిసినవాళ్ళు అనుకునేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళు మందుల షాపులో యాంటీబయాటిక్ క్యాప్సూల్ తెచ్చి, దాన్ని విప్పి, లోపలి పొడిని పుండు మీద చల్లుతారు. తాడిపత్రిలో బండల పాలిష్ దగ్గర పనిచేసేవాళ్ళని అడగండి, చేలల్లో చెనిక్కాయ పీకేవాళ్ళని అడగండి, ఈ పని చేసినవాళ్ళు తప్పకుండా దొరుకుతారు.

నేను దాన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఆ ఆలోచన అసలు తెలివితక్కువది కాదు. చీము ఇక్కడుంటే మందుని కడుపులో వేసి, రక్తంలో కలిపి, ఒళ్ళంతా తిప్పి, చివరికి కాలి బొటనవేలికి పంపించడం ఎందుకు, నేరుగా అక్కడే పెడితే పోలేదా అనే కదా? పెద్ద పెద్ద సర్జన్లు కూడా సరిగ్గా ఇదే అడిగారు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి, మంచి మందే, కానీ రక్తంలో ఎక్కువైతే కిడ్నీని, చెవిని దెబ్బతీస్తుంది, అందుకని ఇంజెక్షన్‌లో ఒక హద్దు దాటి ఇవ్వలేం. అదే గాయం దగ్గర పెడితే, రక్తంలో ఎప్పటికీ తీసుకురాలేనంత గాఢత అక్కడ వస్తుంది, మిగతా ఒంటికి పెద్దగా తెలియదు కూడా. షుగర్ ఉన్నవాళ్ళ కాలికైతే ఇంకో చిక్కు, అక్కడికి రక్తమే సరిగ్గా పోదు, ఇక రక్తంతో పాటు వెళ్ళాల్సిన మందు ఏం పోతుంది.

మరి క్యాప్సూల్ పొడిలో తప్పేముంది? ఆ పొడి అంతా మందు కాదు, అందులో స్టార్చ్, టాల్క్ లాంటివి కలుస్తాయి, అవి పుండులో పడితే శరీరానికి పరాయి వస్తువులే. మింగడానికి చేసిన పొడిని గాయానికి కావలసినంత శుభ్రంగా ఎవరూ తయారుచెయ్యరు. అన్నిటికంటే ముఖ్యం, చల్లిన మొదటి గంట అక్కడ మందు కుప్పగా ఉంటుంది, తర్వాత రసి కారి దాన్ని కడిగేస్తుంది, సాయంత్రానికి మిగిలేది సూక్ష్మజీవిని చంపలేనంత కొంచెం. కాబట్టి మందు అక్కడ పెట్టడం ఒక్కటే సరిపోదు, దాన్ని అక్కడ పట్టి ఉంచేది ఒకటి కావాలి. నేను ఇవాళ మాట్లాడేది ఆ పట్టి ఉంచేదాని గురించే.

ఎముకల డాక్టర్లు ఈ పని ముందే మొదలుపెట్టారు. 1970లో జర్మనీలో బుచ్‌హోల్ట్స్ అనే సర్జన్, కీళ్ళ మార్పిడిలో వాడే సిమెంటులోనే జెంటామైసిన్ కలిపారు. తర్వాత అదే పదార్థంతో పూసల దండల్లాంటివి చేసి, చీము పట్టిన ఎముక దగ్గర పెట్టడం వచ్చింది. బాగా నడిచింది. కానీ అది ప్లాస్టిక్, శరీరంలో కరగదు, పూసలు తీయడానికి మళ్ళీ ఇంకో ఆపరేషన్. అప్పుడు అందరి చూపూ ప్రకృతిలో దొరికేవాటి వైపు మళ్ళింది: జంతువుల చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్, సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్, రొయ్య పొట్టు నుంచి కైటోసాన్, మన పట్టుగూడు నుంచి ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్, చెట్ల బంకలు.

వీటి దగ్గరికి పోయే ముందు ఇంకో మాట. గాయాన్ని గాలికి వదిలేస్తే ఆరిపోతుంది అని మన ఇళ్ళల్లో అంటారు కదా, 1962లో బ్రిటన్‌లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్ని గాలికి వదిలేసి, కొన్నిటి మీద పాలిథిన్ పొర వేసి చూశాడు. పొర కింద తడిగా ఉన్న గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో కప్పుకుంది. ఎందుకంటే ఎండి పక్కు కట్టిన చోట కొత్త చర్మకణాలు ఆ పక్కు కింద తడి ఉన్న లోతుకి దిగి, దారి చేసుకుంటూ పోవాలి, తడిగా ఉంటే నేరుగా జరుగుతాయి. ఆ ప్రయోగంలో మందు ఏమీ లేదు, గమనించండి. ఒట్టి పొర. డ్రెస్సింగ్ అంటే మందు మోసే బండి అని మాత్రమే అనుకునేవాళ్ళకి నేను ఇది ప్రతిసారీ చెబుతాను.

సరే, పదార్థాలు. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది, మనకి దగ్గర్లో అయితే తమిళనాడులో రామేశ్వరం దారిలో మండపం తీరంలో అలాంటి నాచు సేకరిస్తారు. కాల్షియం ఆల్జినేట్ పోగుల్ని రసి కారే పుండు మీద పెడితే, రసిలోని సోడియం లోపలికి పోయి కాల్షియం బయటికి వచ్చి, ఆ పోగులు మెత్తటి జెల్‌గా మారతాయి. తన బరువుకి 15, 20 రెట్లు తడి పీల్చుకుంటుంది. బాగా కారే పుండుకి చాలా మంచిది, ఎండిన పుండుకి పెడితే మాత్రం ఉన్న తడి కూడా లాగేస్తుంది.

కైటోసాన్ సంగతి మనవాళ్ళందరికీ తెలియాలి, ఎందుకంటే దేశంలో రొయ్యల్ని ఎక్కువగా పెంచేది మన రాష్ట్రమే, కోస్తాలో పొట్టు గుట్టలు గుట్టలుగా మిగులుతుంది. ఆ పొట్టులోని కైటిన్‌ని క్షారంతో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది, అది వెనిగర్ లాంటి పలచని ఆమ్లంలో కరుగుతుంది. దానికి ధన విద్యుదావేశం ఉంటుంది, ఎర్ర రక్తకణాల పైభాగం మీద ఋణ విద్యుదావేశం, రెండూ అతుక్కుని రక్తం కారడం ఆగుతుంది. అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో కైటోసాన్ కట్లు వాడింది ఇందుకే. రొయ్యలు పడనివాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి, సరిగ్గా శుద్ధి చేస్తే అలర్జీ తెచ్చే ప్రోటీన్ పోతుంది, కానీ సరిగ్గా చేశారా అన్నదే కదా ప్రశ్న.

కొల్లాజెన్ మన దక్షిణాదిలో పాత కథే. చెన్నైలో తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, సీఎల్ఆర్ఐ, 1948లో పెట్టింది, తోలు పరిశ్రమలో మిగిలే పదార్థం నుంచి కొల్లాజెన్ తీసి, కాలిన గాయాలకి షీట్లు చెయ్యడం మీద అక్కడ చాలా పని జరిగింది. ఇప్పుడు కాలిన గాయాల వార్డుల్లో కొల్లాజెన్ షీట్ చాలా మామూలు. అది పశువుల నుంచి వచ్చిందా, చేప నుంచి వచ్చిందా అని కొందరు రోగులు అడుగుతారు, నర్సింగ్ పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నా, అడిగితే విసుక్కోకుండా నిజం చెప్పండి, అది వాళ్ళ ఒంటి మీద వేసేది.

బంకల గురించి ఒక్క మాట. నల్లమలలో చెంచులు తపసి బంక సేకరిస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. నీళ్ళు తగిలితే విపరీతంగా ఉబ్బుతుంది. పేగు బయటికి తీసి సంచి తగిలించే రోగులకి, ఆ సంచి చర్మానికి అంటుకోవడానికి ప్రపంచమంతా వాడింది ఈ బంకే. మందు నింపిన డ్రెస్సింగుగా దీని మీద ల్యాబ్ పనులు చాలా ఉన్నాయి. నాకు ఆశ ఉంది, కానీ ఆశకీ ఆధారానికీ తేడా ఉంది.

ఇక పట్టు. ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఓపిక పట్టండి. పట్టుగూడులో రెండు ప్రోటీన్లు ఉంటాయి, పోగు ఫైబ్రాయిన్, దాన్ని అంటించే జిగురు సెరిసిన్. గూడు బరువులో దాదాపు పావు వంతు సెరిసినే. ధర్మవరంలో రంగు అద్దే ముందు పట్టుని సబ్బు, సోడా నీళ్ళలో ఉడకబెడతారు కదా, ఆ నీళ్ళలో కాలవలోకి పోయేది ఆ జిగురే. ల్యాబ్‌లో మేం కూడా అదే పని సోడియం కార్బొనేట్‌తో చేస్తాం. తర్వాత మిగిలిన పోగుని లిథియం బ్రోమైడ్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర కరిగించి, ఆ ఉప్పు పోయేదాకా రోజుల తరబడి నీళ్ళు మారుస్తూ డయాలసిస్ చేస్తే, అంటే ఉప్పుని మాత్రమే బయటికి వదిలే పొర సంచిలో ఉంచితే, పలచని పట్టు ద్రావణం మిగులుతుంది. దాన్ని పళ్ళెంలో పోసి ఆరబెడితే పారదర్శకమైన పొర, చలిలో గడ్డకట్టించి ఆరబెడితే స్పాంజి. మందు కలపాలంటే ద్రావణంగా ఉన్నప్పుడే కలుపుతాం.

దీని గొప్పతనం ఎక్కడంటే, ఆ పొరని మెథనాల్‌తో గానీ నీటి ఆవిరితో గానీ పదును చేస్తే లోపలి అణువులు గట్టి స్ఫటికాలుగా సర్దుకుంటాయి. ఎంత ఎక్కువ సర్దుకుంటే మందు అంత నెమ్మదిగా బయటికి వస్తుంది. అంటే వేగం మన చేతిలో ఉంది. ఇంకోటి, 2012లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌లని పట్టులో బంధించి చూస్తే, 60 డిగ్రీల వేడిలో కూడా నెలల తరబడి మందు శక్తి పెద్దగా తగ్గలేదు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన అనంతపురం మందుల షాపుని ఒకసారి ఊహించుకోండి, ఆ మాట విలువ తెలుస్తుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది లెడర్లీ కంపెనీ నుంచి, అప్పుడు అక్కడ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ కుటుంబం మందుని మన పట్టులో దాచారంటే నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, దానికి సైన్సుతో సంబంధం లేదనుకోండి. (నవ్వులు)

హిందూపురం మార్కెట్లో పగిలిన గూళ్ళు, మచ్చ గూళ్ళు తక్కువ ధరకి పోతాయి. పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. ముడిసరుకు, చదువుకున్న పిల్లలు, పరిశోధన సంస్థ, అన్నీ ఇంత దగ్గర్లో ఉన్న చోట ఈ పని ఎందుకు జోరందుకోలేదో నాకు అర్థం కాదు.

సరే, మందు ఎలా బయటికి రావాలి? మీకు చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, తెలుసు. కాలవ కట్టి నీళ్ళు వదిలితే చెట్టు తాగినంత తాగి మిగతాది పోతుంది, డ్రిప్ పెడితే చుక్క చుక్కగా వేరుకి అందుతుంది. డ్రెస్సింగులో కూడా మొదట ఒక్కసారిగా బయటపడేది ఒకటి, తర్వాత చుక్కలుగా వచ్చేది ఒకటి. కానీ పోలిక ఇక్కడితో తెగిపోతుంది, ఎందుకంటే చెట్టుకి డ్రిప్ ఎప్పుడూ మంచిదే, సూక్ష్మజీవి విషయంలో మరీ పలచని డ్రిప్ ప్రమాదం. సూక్ష్మజీవి పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస గాఢత ఒకటి ఉంటుంది, ఎంఐసీ అంటాం. దానికంటే తక్కువ మందు రోజుల తరబడి కారుతూ ఉంటే, మనం దాన్ని చంపడం లేదు, మందుకి తట్టుకోవడం నేర్పిస్తున్నాం. తక్కువ మోతాదుతో వచ్చే ఈ ముప్పు గురించి ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు.

పైగా అన్ని మందులూ ఒకలాంటివి కావు. జెంటామైసిన్ లాంటివి ఒక్కసారి ఎక్కువ గాఢత తగిలితే బాగా చంపుతాయి, వాటికి కాలవ నీళ్ళే నయం. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతివి గాఢత ఎంత పెంచినా కొంత దాటాక లాభం లేదు, ఎంఐసీ పైన ఎంతసేపు నిలబడ్డాయన్నదే లెక్క, వాటికి డ్రిప్ కావాలి. కాబట్టి ఏ మందుకి ఏ పదార్థం అన్నది పెళ్ళిచూపుల్లా ఇష్టాయిష్టాల మీద తేలేది కాదు, ఆవేశాలూ స్ఫటికాలూ లెక్కేసి తేల్చాల్సింది. ఆల్జినేట్‌కి ఋణ ఆవేశం, జెంటామైసిన్‌కి ధన ఆవేశం, అందుకని పట్టుకుంటుంది. అదే మందుని కైటోసాన్‌లో పెడితే రెండూ ధనమే, అంతగా పట్టుకోదు.

ఇప్పుడు నేను చెప్పేది కొంచెం శ్రద్ధగా వినండి. జెంటామైసిన్ నింపిన కొల్లాజెన్ స్పాంజి చాలా ఏళ్ళుగా యూరప్‌లో వాడుకలో ఉంది. స్వీడన్‌లో దాదాపు 2000 మంది గుండె ఆపరేషన్ రోగుల మీద పరీక్షించారు, ఫలితం 2005లో అచ్చయింది. ఛాతీ ఎముక మూసే ముందు మధ్యలో స్పాంజి పెట్టినవాళ్ళలో ఇన్ఫెక్షన్ 4.3 శాతం, పెట్టనివాళ్ళలో 9 శాతం. సగానికి సగం తగ్గింది, అందరూ సంతోషపడ్డారు. తర్వాత అమెరికాలో షుగర్ గానీ ఊబకాయం గానీ ఉన్న 1502 మంది మీద అలాంటి పరీక్షే చేశారు, 2010లో వచ్చింది. పెట్టినవాళ్ళలో 8.4 శాతం, పెట్టనివాళ్ళలో 8.7. తేడా లేదు. అదే ఏడాది పెద్దపేగు ఆపరేషన్ అయిన 602 మంది మీద ఇంకొకటి, అందులో స్పాంజి పెట్టినవాళ్ళకి ఇన్ఫెక్షన్ 30 శాతం, పెట్టనివాళ్ళకి 20.9. విన్నారు కదా, పెట్టినవాళ్ళకే ఎక్కువ!

మందు అదే, కొల్లాజెన్ అదే. ఏమైంది? అమెరికా గుండె పరీక్షలో స్పాంజిని పెట్టే ముందు సెలైన్‌లో ముంచారు. స్పాంజిని అలా నాననిస్తే నిమిషంలోనే జెంటామైసిన్‌లో గణనీయమైన భాగం నీళ్ళలోకి పోతుందని తర్వాత ల్యాబ్‌లో కొలిచి చూపించారు. పేగు విషయంలో ఒక వివరణ ఏమిటంటే, మందు త్వరగా అయిపోయి, స్పాంజి మాత్రం కుట్ల కింద మిగిలి, తనే పరాయి వస్తువయింది. మందు ఏది అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, అది ఎంతసేపు ఉంటుందీ, వెళ్ళిపోయాక ఖాళీ సంచి ఏం చేస్తుందీ అన్నది డబ్బా మీద ఉండదు.

అందుకే మన కాలేజీల్లో జరిగే ప్రాజెక్టులు చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. ఏదో ఒక బంక, ఏదో ఒక యాంటీబయాటిక్, ఒక ఫిల్మ్, సూక్ష్మజీవుల్ని పెంచే ఆగర్ ప్లేట్ మీద పెడితే చుట్టూ గుండ్రంగా అవి పెరగని ఖాళీ, ఫోటో తీసి రిపోర్ట్‌లో అంటించి, కొత్త గాయం డ్రెస్సింగ్ కనిపెట్టాం అని రాస్తారు. యాంటీబయాటిక్ పెడితే ఖాళీ రాక ఏమొస్తుంది! ప్లేట్ మీద రసి కారదు, చీము ఉండదు, మందుని పట్టేసుకునే ప్రోటీన్లు ఉండవు. నిజం పుండులో సూక్ష్మజీవులు ఒకదానికొకటి అంటుకుని జిగట పొరలా, బయోఫిల్మ్‌లా ఉంటాయి, వాటిని చంపాలంటే మామూలు గాఢతకి వందల రెట్లు కావాల్సి రావచ్చు. ఇంకా శుభ్రం చేసే మెట్టు ఉంది. కొల్లాజెన్‌ని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో, పెడితే ఉడికి జెలటిన్ అవుతుంది. గామా కిరణాలు కొడితే ఆల్జినేట్, కైటోసాన్ అణువుల గొలుసులు తెగుతాయి, మందు బయటికి వచ్చే వేగం మారిపోతుంది. కాబట్టి స్టెరిలైజ్ చేశాక మళ్ళీ కొలవాలి. ఆ మళ్ళీ కొలిచిన పట్టిక నాకు ఒక్క రిపోర్టులోనూ కనిపించదు.

ఇంకా పెద్ద ప్రశ్న, అసలు ఆ గాయానికి యాంటీబయాటిక్ కావాలా? ఎరుపు లేదు, వేడి లేదు, వాపు, చీము లేవు, అలాంటి పుండు త్వరగా మానాలని యాంటీబయాటిక్ పూయొద్దనే షుగర్ కాలి పుండ్ల మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనమేమో గీరుకుపోతే కూడా నియోమైసిన్ జాతి పూతమందు పూస్తాం. ఆ జాతి మందులకి కొందరి చర్మం దద్దుర్లెక్కి ఎర్రబడుతుంది, అది చూసి ఇన్ఫెక్షన్ పెరిగిందనుకుని ఇంకా పూస్తారు. 2019లో ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది మందులకి లొంగని ఇన్ఫెక్షన్ల వల్లే చనిపోయారని ఒక పెద్ద అంచనా వచ్చింది, ఆ లెక్కలో మన గీరుడు గాయాల పూతల వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు, కానీ కొంత వాటా ఉండొచ్చు.

నేను ఇక ఆపుతాను, ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దావిడ: తేనె రాస్తే మానుతుందంటారు, నిజమేనా?)

కొంత నిజమే అమ్మా. తేనెలో నీళ్ళు తక్కువ, ఆమ్లం ఉంటుంది, పుండు తడి తగిలితే కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అందుకే వైద్యానికి వాడే తేనె వేరే అమ్ముతారు. కానీ దాన్ని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు, ఎందుకంటే మామూలు తేనెలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉండొచ్చు, అవి లోతు పుండులో పడితే కష్టం. సీసాలో తేనె సంగటిలోకి, పుండుకి వద్దు.

(అదే ఆవిడ: మా ఆయనకి షుగరు, అరికాల్లో పుండు మూడు నెలల్నుంచి మానలేదు. ఈ పట్టు కట్టు ఎక్కడ దొరుకుతుంది?)

పట్టు కట్టు సంగతి పక్కన పెట్టమ్మా. ముందు ఆ పుండు మీద బరువు పడకుండా చూడాలి, షుగర్ వల్ల ఆయనకి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు, అందుకని దాని మీదే నడుస్తుంటాడు, ఎంత ఖరీదైన కట్టు కట్టినా ప్రతి అడుగుకీ పుండు నలుగుతుంది. కాలికి రక్తం అందుతుందో లేదో చూపించాలి, చచ్చిన కండ తీయించాలి, షుగర్ అదుపులో పెట్టాలి. మూడు నెలలంటే ఎముక దాకా పోయిందేమో ఎక్స్‌రే తీయించాలి. రేపే సర్జన్ దగ్గరికి తీసుకుపోండి, ఎల్లుండి కాదు. చెప్పుల్లేకుండా వాకిట్లోకి కూడా రానివ్వకండి.

(ఒక ఫార్మసీ విద్యార్థి: సార్, నేను పట్టు ఫిల్మ్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ పెట్టి ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నా. ఆగర్ ప్లేట్ కాకుండా ఏం చెయ్యాలి?)

ప్రోటీన్ కలిపిన ద్రవంలో ఒంటి వేడి దగ్గర పెట్టి, మొదటి రోజు గంట గంటకీ, తర్వాత రోజుకోసారీ ఎంత మందు వచ్చిందో కొలువు. ఆ గాఢత ఎంఐసీ కిందికి ఎప్పుడు పడిపోయిందో గుర్తించు, ఆ రోజుకి ముందే కట్టు మార్చాలని రాయి. బయోఫిల్మ్ మీద చూడు. చర్మకణాల్ని చంపుతుందేమో చూడు. స్టెరిలైజ్ చేసి అన్నీ మళ్ళీ చెయ్.

(విద్యార్థి: మార్చి లోపల అవన్నీ అవ్వవు సార్.)

అయితే మందు కలపకు. ఒట్టి పట్టు ఫిల్మ్ చెయ్, ఎంత తడి పీలుస్తుంది, ఎంత ఆవిరి బయటికి వదులుతుంది, తడిసినప్పుడు చిరుగుతుందా లేదా, ఎండాకాలం మన గది వేడిలో నెలరోజులు ఉంచితే ఏమవుతుంది, ఇవి నాలుగూ సరిగ్గా కొలువు. హిందూపురం వెళ్ళి ఆ పగిలిన గూళ్ళు తెచ్చుకో, ఖర్చు కూడా తక్కువ. మార్చికి అయిపోతుంది.